ఇంటికో దీపం

టీచరమ్మకి ఆ రోజు మెలకువ రాలేదు. నిద్ర పడితే కదా మెలకువ రావడానికి! గుట్ట మీద గాలిమర కిర్రు కిర్రుమంటుంటేనే ఆవిడకి కన్ను మూతపడుతుంది. కొన్నాళ్ళుగా గాలి పడిపోయి మర రెక్క కదపడం లేదు. ఇంట్లో మిగతావాళ్ళు ఎంత ప్రశాంతంగా ఉందో అనుకుంటూ హాయిగా పడుకుంటే, ఆవిడ మాత్రం దుప్పట్లో దొర్లి దొర్లి, తెల్లవారగానే లేచి కూర్చుంది.

వీధిలో అందరూ ఆ గాలిమరని ముసలాయన అంటారు. ఆవిడ ఛస్తే ఆ మాట అనదు. తను ఈ ఇంటికి కోడలిగా వచ్చాక పుట్టినదాన్ని ముసలాయన అంటే, మరి తనని ఏమనాలి?

వంటింట్లో అల్లుడు టీ కాస్తున్నాడు. అతనిది సందు చివర బేకరీ. చీకటితోనే వెళ్ళి తొలి వాయి రొట్టెలు దించి, ఒళ్ళంతా పిండితో ఇంటికొచ్చి, అత్తగారికి టీ ఇచ్చాక గానీ నడుం వాల్చడు.

"అత్తయ్యగారూ, టీ. పంచదార ఒక చెంచా ఎక్కువే వేశాను. మీ అమ్మాయికి చెప్పకండి."

"చెప్పను గానీ, ఏదీ మహారాణి? ఇంకా లేవలేదా?"

"లేవడమేంటండీ, ఎప్పుడో గాలిమర బ్యాటరీ గదికి వెళ్ళిపోయింది. సాయంత్రం ఓటు కదా."

ఓటు అనగానే టీచరమ్మ మొహం ముడుచుకుపోయింది. "నీ ఉద్దేశం ఏమిటి బాబూ? మర ఉండాలా, ఊడాలా?"

"ఇంటికి ఒక్కటే ఓటు, అది మీ చేతిలో ఉంది. నాకు ఓటూ లేదు, కాబట్టి ఉద్దేశమూ లేదు. రాత్రికి మీ ఇద్దరిలో ఎవరు నాతో మాట్లాడతారో, ఎవరు మాట్లాడరో, అదే నా బెంగ" అని అతను తన గ్లాసు పట్టుకుని మెల్లగా జారుకున్నాడు.

ఈ దీపం ఓటు సంగతి కాస్త చెప్పాలి. గుట్ట కింది ఈ వీధికి కరెంటు తీగ లాగడానికి ఒకప్పుడు ఎవరూ ముందుకు రాలేదు. అడిగి అడిగి కాళ్ళరిగాక ఇళ్ళవాళ్ళంతా ఒక సంఘం పెట్టుకున్నారు. ఎవరికి తోచింది వాళ్ళు వేసుకుని, సొంతంగా గాలిమర కట్టుకున్నారు. ఎవరెంత పెట్టినా ఓటు మాత్రం ఇంటికి ఒక్కటే. ఒప్పుకున్న ఇంటి పెద్ద చీకటి పడగానే వాకిలి దీపం వెయ్యాలి, ఒప్పుకోకపోతే ఆర్పి ఉంచాలి. సంఘం ప్రెసిడెంటు, మర కరెంటు నిలవచేసే బ్యాటరీ గది మెట్ల మీద నిలబడి వెలిగిన వాకిళ్ళు లెక్కపెట్టి గంట కొడతాడు. ఆ తర్వాత ఎవరు ఎంత అరిచినా తీర్పు మారదు. పెద్ద లైను కరెంటు వచ్చి, ఇళ్ళలో ఫ్రిజ్‌లూ మిక్సీలూ దానిమీద నడుస్తున్నా, వాకిలి దీపాలు మాత్రం ఇప్పటికీ గాలిమర తీగ మీదే ఉన్నాయి. అది వాళ్ళ పట్టుదల, వాళ్ళ గొప్ప.

ఇప్పుడు వచ్చిన చిక్కల్లా కొత్త చట్టంతో. జనం సొంతంగా పెట్టుకున్న ఇలాంటి సంఘాలు తమ కరెంటుని పెద్ద లైనుకి అమ్ముకోవచ్చట, చాలా ఏళ్ళపాటు ధర మార్చరట. ఇంతవరకు సొంతిల్లు ఉన్నవాళ్ళకే సభ్యత్వం. ఇకనుంచి అద్దెకుండేవాళ్ళూ సభ్యులు కావచ్చట. అన్నీ బాగానే ఉన్నాయి. కానీ ఈ వరాలన్నీ కొత్త మరకే, పాత మరకి కాదు. కొత్తది నిలబెడదామంటే గుట్ట మీద చదునైన చోటు ఒక్కటే ఉంది. అక్కడ పాతది నిలబడి ఉంది. దాన్ని దించుదామని ప్రతిపాదన పెట్టింది సంఘం సెక్రటరీ. ఆ సెక్రటరీ ఎవరో కాదు, టీచరమ్మ కన్నకూతురు.

ఎండ ఎక్కాక కూతురు ఇంటికొచ్చింది. మోటార్లకి వైండింగ్ చేసే షాపు నడిపే పిల్ల కాబట్టి మసి చేతులు కొత్తేమీ కాదు. కానీ ఇవాళ మసి నుదుటి దాకా పాకింది. వస్తూనే తల్లి పక్కన కూలబడింది.

"అమ్మా, ఓటు వాయిదా వేద్దాం. బ్యాటరీల్లో పస లేదు. గాలి ఎప్పుడొస్తుందో తెలీదు. సాయంత్రం వాకిలి దీపాలు వెలుగుతాయన్న నమ్మకం నాకు లేదు."

"వెలుగుతాయి."

"పోనీ, ఈ ఒక్కసారికి చేతులెత్తి ఓటేద్దాం. నువ్వు సరేనంటే ప్రెసిడెంటుగారు కూడా సరేనంటారు. మొదటి ఓటు నాటివాళ్ళలో మీ ఇద్దరే మిగిలారు, నీ మాట కాదనరు."

"పద్ధతి మార్చడానికి నేనొప్పుకోను. సాయంత్రానికి గాలి లేస్తుంది. నువ్వు పుట్టకముందు నుంచీ చూస్తున్నాను నేను. మీ నాన్న కట్టిన మర ఎప్పుడూ వీధిని చీకట్లో పెట్టలేదు."

కూతురు తల పట్టుకుంది. "అది మొరాయించి ఎన్నిసార్లయింది! కిందటి వానాకాలం పైకెక్కి చూశాను. అతుకు అతుకు దగ్గరా తుప్పే."

"నీకది తుప్పు. నాకు ప్రతి అతుకూ మీ నాన్నే."

వెల్డింగు చేసే ఆ మనిషిని వీధంతా బోల్టు అని పిలిచేది. గుట్ట మీద ఆ స్తంభాన్ని ముక్క ముక్కగా అతికి నిలబెట్టింది ఆయనే. తర్వాత కూడా నెలకోసారి పైకెక్కి గ్రీజు పెట్టేవాడు. ఎక్కితే ఒక పట్టాన దిగేవాడు కాదు. టీచరమ్మ బడి నుంచి వచ్చి, కింద నిలబడి తాడుకి భోజనం డబ్బా కట్టి ఊపితే, పైనుంచి లాక్కునేవాడు. ఒకసారి ఆవిడ పరధ్యానంగా అన్నం డబ్బాకి బదులు గ్రీజు డబ్బా కట్టి పంపింది. ఆయన సాయంత్రం దిగొచ్చి, చేతులు కడుక్కుని, "వంట బాగుంది, ఉప్పు కాస్త తగ్గింది" అన్నాడు. ఆ ముక్క చెప్పుకుని ఎన్ని ఏళ్ళు నవ్వుకున్నారో లెక్కలేదు. ఆయన పోయాక ఆవిడ ఆ కథ ఎవరికీ చెప్పలేదు.

"నాకేమీ కాడా ఆయన?" అంది కూతురు. "నన్ను భుజాల మీద ఎక్కించుకుని, చూడమ్మా మన వీధి, అని చూపించింది అక్కణ్ణుంచే. అప్పుడు ఇంకో మాట కూడా అనేవాడు. వెనక సందు చూడు, ఎలా మినుకుమినుకుమంటోందో, వాళ్ళకి కూడా ఇవ్వాలి, అని. మర్చిపోయావా?"

"మర్చిపోలేదు. మర చాలలేదు. అందుకే ఇవ్వలేకపోయాడు."

"ఇప్పుడు చాలుతుందమ్మా. అందుకే దించుదామంటున్నాను. ఆయన మీద ప్రేమ లేక కాదు."

"నీకు చెప్పడం తేలిక. రాత్రి పక్క మీద చెయ్యి వేస్తే ఖాళీగా తగిలేది నాకు. ఆ కిర్రు చప్పుడు వింటే, పైనెక్కడో పని చేసుకుంటున్నాడు, దిగొస్తాడులే అనిపిస్తుంది. దాన్ని కూడా తీసుకుపోతానంటే నేనేం కావాలే?" టీచరమ్మ కళ్ళు తుడుచుకుని లేచి నిలబడింది. "నేను దీపం వెయ్యను. అంతే."

కూతురు కూడా లేచి నిలబడింది. తర్వాత మెల్లగా అంది. "ఇంటి పెద్దవి నువ్వు. నీ ఇష్టం. సెక్రటరీ ఇంట్లోనే దీపం వెలగలేదని నలుగురూ నవ్వుతారు. నవ్వనీ." టిఫిను ముట్టకుండా మళ్ళీ బ్యాటరీ గదికి వెళ్ళిపోయింది. లోపలి గదిలో నిద్ర నటిస్తున్న అల్లుడు పక్కకి తిరిగి దిండు చెవుల మీద పెట్టుకున్నాడు.

ఆ పగలంతా టీచరమ్మ కిటికీ దగ్గరే కూర్చుని గుట్ట వైపు చూసింది. గాలి రాలేదు. ఆరేసిన దుప్పటి అంచు కూడా కదల్లేదు. ఆ కిటికీ దగ్గర ఒకప్పుడు అత్తగారి కుర్చీ ఉండేది. ఆవిడ కూడా గంటల తరబడి గుట్ట వైపే చూసేది. ముసలితనం, తోచక చూస్తోంది అనుకునేది టీచరమ్మ. అంతకుమించి ఆలోచించే తీరిక అప్పుడు ఎక్కడిది?

పొద్దు వాలుతుండగా వెనక సందు కుట్టుపని అమ్మాయి వచ్చింది. ఒళ్ళో చొక్కాలు పెట్టుకుని, రోజూ కూర్చునే చోటే, వాకిలి దీపం కింద గడప పక్కన కూర్చుంది. ఆమె అద్దె గదిలో సాయంత్రమయ్యేసరికి కరెంటు ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. మిషను పని పగలు చేసుకుని, కాజాలు కుట్టే పని టీచరమ్మ వాకిట్లో పెట్టుకుంటుంది. ఇద్దరూ లోకాభిరామాయణం మాట్లాడుకుంటూ ఉంటే పని ఇట్టే అయిపోతుంది.

"దీపం వెయ్యండి టీచరమ్మా, సూదిలో దారం ఎక్కట్లేదు."

"ఇవాళ వెయ్యనమ్మాయ్. ఓటు."

కుట్టుపని అమ్మాయి నాలుక కరుచుకుంది. "అయ్యో, అవును కదా! మాకు ఓటు లేదుగా, అందుకే గుర్తుండదు."

ఆ మాట ఆమె ఏ దెప్పిపొడుపూ లేకుండా, మామూలుగా అంది. టీచరమ్మకి మాత్రం కలుక్కుమంది. ఇన్నేళ్ళుగా ఈ పిల్ల తన వాకిట్లో కూర్చుంటుంటే, తనతో కబుర్ల కోసం వస్తోందనే అనుకుంది. వెలుగు కోసం వస్తోందని ఒక్కరోజు కూడా తట్టలేదు.

"మీ వాకిట్లో కూర్చోవడానికి మొహమాటమేం లేదు గానీ" అంది ఆ అమ్మాయి చొక్కాలు మడత పెడుతూ, "మీ అమ్మాయి గెలిస్తే మాకూ ఓ దీపం వస్తుందంట కదా. అప్పుడు మీరు మా వాకిట్లో కూర్చోవాలి. టీ నేనిస్తాను."

టీచరమ్మ స్విచ్చు వైపు చూసి చూపు తిప్పుకుంది.

చీకటి పడింది. వీధి పొడుగునా మనుషులు వాకిళ్ళలోకి వచ్చారు. టకటకమని స్విచ్చులు వేసిన చప్పుళ్ళు వినిపించాయి. దీపాలు మాత్రం వెలగలేదు. ఒక్కటంటే ఒక్కటి కూడా. ఎదురింటాయన స్విచ్చు వేసి, తీసి, మళ్ళీ వేసి, దాన్ని అరచేత్తో కొట్టాడు. ఎవరో పెద్దగా నవ్వారు. ఇంకెవరో, "ముసలాయన తన ఓటు తనే వేసుకున్నాడ్రా!" అని అరిచారు. వీధంతా గొల్లుమంది.

నవ్వు ఆగాక గుసగుసలు మొదలయ్యాయి. వాకిలి వెలగకపోతే ఒప్పుకోనట్టే. అన్ని వాకిళ్ళూ చీకటిగా ఉన్నాయంటే, వీధి మొత్తం కాదన్నట్టే. బ్యాటరీ గది మెట్ల మీద ప్రెసిడెంటు గంట పట్టుకుని ఎటూ తోచక నిలబడ్డాడు. రిటైరైన పోస్ట్‌మాన్ ఆయన. ఉత్తరం మీద చిరునామా చెరిగిపోయినా ఇల్లు కనుక్కునేవాడు గానీ, ఈ చిక్కుకి దారి ఆయనకి కూడా తట్టలేదు.

"ఏం చేద్దామమ్మాయ్ సెక్రటరీ? దీపాలు పాడైతే వద్దన్నట్టు ఎలా అవుతుంది? ఇది లెక్కలోకి రాదంటాను నేను."

కూతురు లోపలి నుంచి వచ్చింది. చీకట్లో మొహం కనిపించలేదు గానీ, గొంతు వీధంతా వినిపించింది. "ఎలా రాదండీ? మా నాన్న చనిపోయిన ఏడాది ఓటులో కూడా దీపాలు సరిగ్గా వెలగలేదు. అయినా ఆ లెక్కే పాటించాం. నాకు నచ్చనప్పుడు ఒక రూలు, నచ్చినప్పుడు ఒక రూలు అంటే ఇక సంఘం ఎందుకు? పద్ధతి ప్రకారమే కానివ్వండి. చుక్కలు పొడిచేదాకా చూసి గంట కొట్టండి."

టీచరమ్మ గెలిచింది. స్విచ్చు మీద చెయ్యి వెయ్యకుండానే గెలిచింది. ఆవిడ కుర్చీలో వెనక్కి వాలి, ఇప్పుడు వస్తుంది సంతోషం, అని ఎదురుచూసింది. రాలేదు. కూతురి గొంతు ఎక్కడో విన్నట్టుంది. అంత నిబ్బరంగా, లోపలి ఏడుపు బయటికి తెలియనివ్వకుండా మాట్లాడే మనిషి ఈ ఇంట్లో ఇంతకుముందు ఒకరుండేవారు.

అత్తగారు.

గుట్ట మీద ఆ చదునైన చోటు అంతకుముందు ఖాళీగా ఏమీ లేదు. మామగారు పెంచిన తేనెటీగల పెట్టెలు ఉండేవి. ఆయన పోయాక అత్తగారు రోజూ పొద్దున్నే వెళ్ళి ఆ పెట్టెల మధ్య కూర్చుని వచ్చేది. తేనెటీగలతో మాట్లాడుతుందని వీధిలో నవ్వుకునేవారు. మర కట్టాలంటే పెట్టెలు తియ్యాలి. మొదటి ఓటు నాటికి వీధిలో కరెంటే లేదు. అందుకే ఒప్పుకున్నవాళ్ళు గడప మీద లాంతరు పెట్టాలనుకున్నారు. దీపం ఓటు పుట్టింది అలాగే. కొత్తకోడలైన టీచరమ్మ, ఆవిడ ఒప్పుకోదు, ఇక మర రాదు, అని లోపల్లోపల గింజుకుంటుంటే, అత్తగారు లాంతరు గాజు తీసి పాతగుడ్డతో శుభ్రంగా తుడిచి, ఒత్తి వెలిగించి, తీసుకెళ్ళి గడప మీద పెట్టింది.

"పెట్టెలు ఇంకో చోట పెట్టుకోవచ్చులే. పుట్టబోయే పిల్లలు ఇంకో చోట పుట్టలేరుగా" అంది.

అంతే, కోడలు ఎగిరి గంతేసి వీధిలోకి పరిగెత్తింది. ఆ సాయంత్రం అందరూ పాటలు పాడుకున్నారు. అందరి మధ్యా నిలబడి మొగుడు తన వైపు చూసి నవ్వడం ఆవిడకి ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. అత్తగారు అప్పుడు ఎక్కడ ఉంది? గడప మీదే. గుట్టకి వీపు పెట్టి, లాంతరు పక్కన ఒక్కతే. ఆవిడ దగ్గరికి ఎవరూ వెళ్ళలేదు. చోటు మార్చాక ఆ తేనెటీగలు నిలవలేదు, ఎటో వెళ్ళిపోయాయి. తర్వాత ఇన్నేళ్ళు కిటికీలోంచి గుట్ట వైపు చూస్తూ కూర్చున్న ఆవిడ, చూసింది గాలిమరని కాదు.

"అత్తయ్యా" అని టీచరమ్మ చీకట్లో గట్టిగానే అంది. ఏడుపు తన్నుకొచ్చింది.

కుట్టుపని అమ్మాయి కంగారుగా లేచింది. "ఏమైంది టీచరమ్మా?"

"ఏం కాలేదు. నువ్వు కూర్చో, వెళ్ళకు." ఆవిడ లోపలికి నడుస్తూనే కేక పెట్టింది. "బాబూ! అటక మీద మా అత్తగారి లాంతరు ఉండాలి, తియ్యి! బేకరీ పొయ్యి రాజెయ్యడానికి తెచ్చిన కిరసనాయిలు ఏదీ?"

ఉద్దేశం లేని అల్లుడు ఒక్క గెంతులో స్టూలు ఎక్కేశాడు. తట్టలూ బుట్టలూ దొర్లిన చప్పుడైంది. బూజుతో సహా లాంతరు దిగింది. టీచరమ్మ గాజు తీసి చీర చెంగుతో తుడిచింది. ఒక మూల చిన్న పగులుంది. అత్తగారి నాటి పగులే. అల్లుడు కిరసనాయిలు పోస్తూ సగం తన కాళ్ళ మీదే పోసుకున్నాడు.

"జాగ్రత్త బాబూ! ముందు నువ్వు పక్కకి జరుగు, నిన్ను అంటించి ఓటేశానంటే నా కూతురు ఊరుకోదు."

ఒత్తి అంటుకుంది. ఆవిడ లాంతరు గడప మీద పెట్టి, గుట్ట వైపు ఒకసారి చూసి, పక్కనే కూర్చుంది.

మెట్ల మీద ప్రెసిడెంటు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. మొదటి ఓటు నాటి లాంతర్లు గుర్తున్నది ఆయనకీ, టీచరమ్మకే. చీకట్లో ఆయన గొంతు బొంగురుగా పలికింది.

"ఒకటి!"

ఎదురింటాయన కొవ్వొత్తి తెచ్చాడు. పక్కింటివాళ్ళ గోడ మీద సెల్‌ఫోను లైటు వెలిగింది. టార్చీ ఒకటి, ఎక్కడిదో బుడ్డిదీపం ఒకటి. "రెండు... నాలుగు... ఆగండాగండి, ఒక్కొక్కరూ!" అని ప్రెసిడెంటు గొడవ పెట్టాడు. వీధి చివరిదాకా వాకిళ్ళు వెలిగాయి. కొన్ని ఇళ్ళు చీకటిగానే ఉండిపోయాయి. అది వాళ్ళ ఓటు. వాళ్ళని ఎవరూ ఏమీ అనలేదు. చుక్కలు పొడిచాక గంట మోగింది.

వీధిలో చప్పట్లు మొదలయ్యాయి. అందరూ సెక్రటరీ చుట్టూ మూగారు. టీచరమ్మ దూరం నుంచి చూస్తూ, పోనీలే, సంతోషంగా ఉండనీ, అనుకుంది. లాంతరు పక్కన కుట్టుపని అమ్మాయి వంచిన తల ఎత్తకుండా కాజా పూర్తిచేస్తోంది. ఇంతలో జనాన్ని తోసుకుంటూ ఎవరో పరిగెత్తుకొచ్చారు. కూతురే. వచ్చి తల్లి పక్కన గడప మీద చతికిలబడింది.

"అందరూ అక్కడుంటే నువ్విక్కడికి ఎందుకొచ్చావే? వెళ్ళు, నీ సంబరం అది."

"నువ్విక్కడ ఒక్కదానివే ఉన్నావు కదమ్మా."

టీచరమ్మ కూతురి మసి చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని మొహానికి ఆనించుకుంది. తను ఆ రోజు చెయ్యని పనిని తన కడుపున పుట్టిన పిల్ల ఎవరూ చెప్పకుండానే చేసింది. ఆవిడ ఆపుకోకుండా ఏడ్చింది. మొగుడి కోసం, అత్తగారి కోసం, ఎటో వెళ్ళిపోయిన ఆ తేనెటీగల కోసం కూడా ఏడ్చింది. కూతురు ఏమీ అడగకుండా తల్లి భుజం మీద తల పెట్టుకుంది.

చాలాసేపటికి కూతురే మాట్లాడింది. "మరి చప్పుడు లేకపోతే నీకు నిద్రెలా పడుతుంది?"

"నువ్వొచ్చి నా పక్కన పడుకో. చిన్నప్పుడు నువ్వు నిద్రలో పళ్ళు కొరికితే మీ నాన్న లేచి కూర్చుని, గాలిమరకి గ్రీజు అయిపోయిందేమో అని కంగారుపడేవాడు."

"ఇప్పుడు నేను కొరకనమ్మా!"

"కొరుకుతుందండీ" అన్నాడు అల్లుడు లోపలి నుంచి, కాళ్ళు కడుక్కుంటూ. "ఇవాళ్టికి మీరే తీసుకెళ్ళండి అత్తయ్యగారూ, నాకూ కాస్త నిద్ర పడుతుంది."

కుట్టుపని అమ్మాయి దారం కొరుకుతూ ఫక్కున నవ్వింది. టీచరమ్మ చెంగుతో కళ్ళు ఒత్తుకుని, ఆ అమ్మాయికి సూది మొన బాగా కనపడేలా లాంతరు ఒత్తి కాస్త పెద్దది చేసింది. తర్వాత కూతురి వైపు తిరిగి, "మీ నాన్నకి ఒకసారి గ్రీజు డబ్బా భోజనానికి పంపాను, నీకెప్పుడైనా చెప్పానా?" అని మొదలుపెట్టింది.